సమానం, తుల్యం, ఒకటే: ఈ మూడూ ఒకటేనా?

సుద్దముక్క:
నేను లెక్కల మాస్టర్ని. నిన్న ఆరో తరగతిలో భిన్నాలు చెబుతూ 1/2 = 2/4 అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, రెండూ ఒకటే అయితే రెండుసార్లు ఎందుకు రాయడం? వేరే అయితే మధ్యలో ఆ గుర్తెందుకు?" అంది. "విలువ ఒకటే, రూపం వేరు, కూర్చో" అన్నాను. కూర్చుంది గానీ నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే నా జవాబు నాకే నచ్చలేదు. 'విలువ' అనే మాట అడ్డం పెట్టి ప్రశ్నని దాటేశాను, అంతే.

ఇంకో సంగతి. ఈ = గుర్తుని 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ పెద్దమనిషి తన బీజగణితం పుస్తకంలో మొదటిసారి వాడాడు. ప్రతిసారీ 'సమానం, సమానం' అని రాయలేక, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు పెట్టాడు. వీటికంటే సమానమైనవి రెండు ఎక్కడుంటాయని ఆయన వాదన. కానీ చూడండి, ఆ గీతలూ రెండే. ఒకటి పైన, ఒకటి కింద. నిజంగా రెండింటినీ ఒకటి చేసేస్తే అది మైనస్ గుర్తయి కూర్చుంటుంది!

ఫిజిక్సులో తుల్యతా నియమం ఉంది, కెమిస్ట్రీలో తుల్యాంక భారం ఉంది, ఎకనామిక్సు వాళ్లూ తుల్యత అంటూ ఉంటారు. ఇవన్నీ ఒకే సంగతా? ఎవరి రంగంలో ఎలా వాడతారో చెప్పండి. ఆ పిల్లకి ఒక సరైన జవాబు బాకీ ఉన్నాను.

ఊకొట్టేవాడు:
దొందూ దొందే మాస్టారూ!

బగ్‌వేటగాడు:
మా పనిలో ఈ తేడా తెలియకపోతే ఉద్యోగం ఊడుతుంది. రెండు ఫైళ్లలో అక్షరం పొల్లుపోకుండా ఒకే సమాచారం ఉంది. సమానమా అంటే సమానమే. ఒకటేనా? ఒకదాంట్లో ఒక అక్షరం మార్చి రెండోది తెరిచి చూడండి. అక్కడా మారితే ఒకే ఫైలుకి రెండు పేర్లున్నాయి. మారకపోతే అవి రెండు. అందుకే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 'లోపలి సరుకు ఒకటేనా' అని అడగడానికి ఒక పద్ధతి, 'వస్తువే ఒకటా' అని అడగడానికి ఇంకో పద్ధతి ఉంటాయి. కొత్తవాళ్లు ఒకటి అడగబోయి ఇంకోటి అడుగుతారు. రాత్రి రెండింటికి నాకు ఫోనొస్తుంది.

సుద్దముక్క:
బాగుంది. ఇది చదివాక మా లెక్కల సంగతి నాకు నేనే తిరగేసుకున్నాను.

భిన్నం అంటే అసలు ఒక సంచి. 1/2, 2/4, 3/6, 50/100 అనే చీటీలన్నీ ఒకే సంచిలో ఉంటాయి. ఏ చీటీ ఏ సంచిలో వేయాలో చెప్పడానికి అడ్డగుణకారం చాలు: 1×4, 2×2 ఒకటే వచ్చాయి కాబట్టి రెండూ ఒకే సంచి. 'అర' అనేది చీటీ పేరు కాదు, సంచి పేరు. చీటీలు రెండు, సంచి ఒకటి. ఆ పిల్ల చూసింది చీటీల్ని, నేను చెప్పింది సంచి గురించి.

ఇలా సంచులు కట్టాలంటే ఆ సంబంధం మూడు పరీక్షలు నెగ్గాలి. ప్రతిదీ తనకు తాను తుల్యం కావాలి (పరావర్తనం). క, ఖకి తుల్యమైతే ఖ కూడా కకి తుల్యం కావాలి (సౌష్ఠవం). క, ఖ తుల్యం, ఖ, గ తుల్యం అయితే క, గ కూడా తుల్యం కావాలి (సంక్రమణం). మూడూ నెగ్గితే లోకమంతా ఒకదానితో ఒకటి కలవని సంచులుగా విడిపోతుంది. 1801లో గౌస్ ఇదే పని శేషాలతో చేశాడు. 7తో భాగిస్తే ఒకే శేషం వచ్చే సంఖ్యలన్నీ ఒక జట్టు, వాటి మధ్య మూడు గీతల ≡ గుర్తు. 3, 10, 17 సమానం కావు, కానీ వారం లెక్కలో అవి ఒకే రోజు.

నా అనుమానం ఏమిటంటే, తుల్యత అనే పేరు పెట్టుకున్నవన్నీ ఈ మూడు పరీక్షలూ నెగ్గుతాయి. కాదనేవాళ్లుంటే రండి.

పరీక్షనాళిక:
వచ్చాను మాస్టారూ. మీ సంచికి మా ల్యాబులో అడుగు ఉండదు.

తుల్యాంకం అంటే సూటిగా చెప్పాలంటే 'దీని బదులు అది ఎంత వేస్తే అదే పని జరుగుతుంది' అన్న లెక్క. 40 గ్రాముల సోడియం హైడ్రాక్సైడుని తటస్థీకరించాలంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం 36.5 గ్రాములు కావాలి, సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే 49 గ్రాములు. కాబట్టి ఆ పనికి అవి తుల్యం. ఇంతవరకూ మీ సంచి బాగానే ఉంది.

ఇప్పుడు పొటాషియం పర్మాంగనేట్ తీసుకోండి. దాని అణుభారం 158. ఆమ్ల ద్రావణంలో వేస్తే ఆ ఊదారంగు పూర్తిగా విరిగి నీళ్లలా అయిపోతుంది. అక్కడ అది 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, తుల్యాంక భారం 31.6. అదే సీసాలోది తటస్థ ద్రావణంలో వేస్తే అడుగున గోధుమరంగు మడ్డి దిగుతుంది. అక్కడ 3 ఎలక్ట్రాన్లే, తుల్యాంక భారం 52.7. గాఢమైన క్షారంలో అయితే ఆకుపచ్చగా మారి ఆగిపోతుంది. 1 ఎలక్ట్రాన్, తుల్యాంక భారం 158. ఒకే సీసా, ఒకే పొడి, మూడు తుల్యాంకాలు. సీసా మీద 'నార్మాలిటీ ఇంత' (లీటరు ద్రావణంలో ఎన్ని తుల్యాంక భారాలున్నాయో చెప్పే అంకె) అని రాసి ఏ చర్యకో రాయకపోతే ఆ సంఖ్యకి అర్థమే లేదు. నేను చేరిన కొత్తలో ఎవరో అలా లేబులు వేసిన సీసాతో ఒక రోజంతా టైట్రేషన్లు చేసి, సాయంత్రానికి అన్నీ పారబోశాను.

మీ మూడు పరీక్షలకంటే ముందు నాలుగోది కావాలి: ఏ పనికి?

బేరసారాలు:
ఎకనామిక్సు చెబుతాను కాబట్టి నా వంతు. ఈ తగువు మా దగ్గర 2,300 ఏళ్ల పైబడి నడుస్తోంది.

నీతిశాస్త్రం మీద రాసిన పుస్తకంలో అరిస్టాటిల్ ఒక లెక్క వేస్తాడు: 5 మంచాలు = 1 ఇల్లు. మారకం జరగాలంటే సమానత్వం ఉండాలి, సమానత్వం ఉండాలంటే రెండింటినీ ఒకే కొలతతో కొలవగలగాలి అంటాడు. వెంటనే ఆయనే, ఇంత వేరైన వస్తువుల్ని నిజంగా ఒకే కొలతలోకి తేవడం అసాధ్యం, అవసరం కొద్దీ సరిపెట్టుకుంటాం అని కూడా ఒప్పుకుంటాడు. 1867లో మార్క్స్ దీన్ని పట్టుకుని, ఆ ఉమ్మడి కొలత మనిషి శ్రమే, అరిస్టాటిల్ బానిసల శ్రమ మీద నడిచే సమాజంలో ఉన్నాడు కాబట్టి అది ఆయనకి కనబడలేదు అన్నాడు.

నాకు నచ్చిన దెబ్బ మాత్రం 1871లో కార్ల్ మెంగర్ కొట్టింది. నిజంగా రెండు వస్తువులూ సమానమైతే, ఇచ్చిపుచ్చుకున్న మరుక్షణం ఇద్దరూ వెనక్కి మార్చుకోడానికి కూడా సిద్ధంగా ఉండాలి కదా? ఎవరూ ఉండరు. ఎందుకంటే ఇచ్చినదానికంటే పుచ్చుకున్నది నాకు ఎక్కువ, అవతలివాడికీ అంతే. అలా కాకపోతే ఇద్దరిలో ఎవరూ కుర్చీలోంచి లేవరు. మారకం జరిగిందంటేనే సమానం కాదని అర్థం!

మాస్టారి రెండో పరీక్ష, సౌష్ఠవం, ఇక్కడే పోయింది.

సుద్దముక్క:
ఆగండి, ఆగండి. ఇద్దరి మనసుల్లో విలువలు వేరు, నిజమే. బజార్లో పలికే రేటు ఒకటే కదా? రేటు దృష్ట్యా తుల్యం అనొచ్చుగా?

బేరసారాలు:
అనొచ్చు, పరీక్షనాళిక గారి 'ఏ పనికి' అనే ప్రశ్నకి జవాబు చెప్పుకున్నాక. రేటులో కూడా చిన్న తిరకాసుంది. 1990లో కానెమన్, నెట్ష్, థేలర్ ఒక ప్రయోగం అచ్చువేశారు. గదిలో సగంమందికి ఒక మగ్గు ఊరికే ఇచ్చారు. తర్వాత ఎంతకి అమ్ముతారని వాళ్లని, ఎంతకి కొంటారని మిగిలినవాళ్లని అడిగారు. అమ్మేవాళ్ల రేటు కొనేవాళ్ల రేటుకి సుమారు రెండింతలు వచ్చింది. అదే మగ్గు, చేతికి వచ్చి నిండా గంట కూడా కాలేదు. 'ఇస్తే ఎంత తీసుకుంటావు', 'కావాలంటే ఎంత ఇస్తావు' అనే రెండు ప్రశ్నలకి ఒకే జవాబు రావాలని లెక్క చెబుతుంది, మనిషి చెప్పడు.

లోలకం:
సౌష్ఠవం పోవడానికి మనిషిదాకా వెళ్లక్కర్లేదు, నీళ్లు చాలు.

జేమ్స్ జౌల్ 1840ల్లో చేసిన పని గుర్తుందా? బరువులు కిందికి దిగుతుంటే నీళ్ల తొట్టిలో రెక్కలు తిరుగుతాయి, నీళ్లు కాస్త వేడెక్కుతాయి. కాస్త అంటే ఒక డిగ్రీలో చిన్న భాగం. దాన్ని ఓపిగ్గా కొలిచి, ఇంత పనికి ఇంత వేడి తుల్యం అని లెక్క కట్టాడు. మన కొలతల్లో చెప్పాలంటే ఒక కిలో నీళ్లని 1 డిగ్రీ సెల్సియస్ వేడి చేయడానికి పట్టే శక్తితో అదే కిలోని సుమారు 427 మీటర్ల ఎత్తుకి ఎత్తొచ్చు. ఆయన సమాధి రాయి మీద 772.55 అని చెక్కి ఉంటుంది, అది బ్రిటిష్ కొలతల్లో ఈ తుల్యాంకమే. ఒక మనిషి తన సమాధి మీద సమీకరణంలో ఒక వైపు రాయించుకోవడం నాకు భలే ఇష్టం.

'ఎత్తొచ్చు' అన్నాను చూశారా, అక్కడే ఉంది కిటుకు. పనిని మొత్తంగా వేడిగా మార్చొచ్చు, దానికి అడ్డే లేదు, అరచేతులు రుద్దుకుంటే చాలు. వేడిని మొత్తంగా పనిగా మార్చి, యంత్రాన్ని మళ్లీ మొదటి స్థితికి తెచ్చి, అలా నడిపిస్తూ పోవడం మాత్రం కుదరదు. 600 కెల్విన్ల వేడి నుంచి 300 కెల్విన్ల చల్లదనానికి నడిచే యంత్రం ఎంత గొప్పదైనా సగమే పనిగా మార్చగలదు. జౌల్ ఆ తొట్టి ముందు కూర్చోడానికి ముందే, 1824లోనే, కార్నో అనే ఫ్రెంచ్ ఇంజనీరు దీనికి దారి వేశాడు. ఎకౌంటు పుస్తకంలో రెండు వైపులా అంకె ఒకటే. దారి మాత్రం ఒకవైపుకే.

మాత్రల లెక్క:
ఇక మూడో పరీక్ష నేను పోగొడతాను. మందుల ట్రయల్స్‌లో గణాంకాలు చూసేదాన్ని.

జెనరిక్ మందు అసలు మందుకి తుల్యం అనడానికి చాలా దేశాల్లో నియమం ఇది: రక్తంలోకి చేరిన మోతాదు, రక్తంలో అది ఎక్కిన గరిష్ఠ స్థాయి, ఈ రెండింటిలో జెనరిక్‌కీ అసలుకీ మధ్య నిష్పత్తి కట్టాలి. ఆ నిష్పత్తికి 90 శాతం విశ్వాస అవధి (అసలు విలువ ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే అంచనా) వేస్తే, అది మొత్తం 80 నుంచి 125 శాతం మధ్యలోనే పడాలి. ఒకపక్క 20, ఇంకోపక్క 25 ఏమిటని అందరూ అడుగుతారు. 100ని 80తో భాగించండి, 1.25 వస్తుంది. దేన్ని కింద పెట్టి దేన్ని పైన పెట్టినా తీర్పు మారకూడదని అలా పెట్టారు. అంటే మాస్టారూ, మీ సౌష్ఠవాన్ని పని గట్టుకుని కాపాడారు.

సంక్రమణం మాత్రం కాపాడలేకపోయారు. ఒక జెనరిక్ అసలు మందులో 88 శాతం దగ్గర తేలింది, ఇంకోటి 114 శాతం దగ్గర. అవధులు ఇరుకుగా ఉంటే రెండూ పాసే, రెండూ అసలుకి తుల్యమే. వాటిలో వాటికి? 114ని 88తో భాగిస్తే దాదాపు 1.3. గీత దాటింది. అసలుకి ఇద్దరూ చుట్టాలే, వాళ్లలో వాళ్లు మాత్రం పరాయివాళ్లు.

కొత్తగా చేరాను:
మేడం, మా ఇంట్లో నాన్నగారికి జెనరిక్కే వాడుతున్నాం. మీరు చెప్పింది చదివితే టెన్షన్‌గా ఉంది. ఆపేయమంటారా?

మాత్రల లెక్క:
అయ్యో, ఆపకండి. అంకెలు అర్థం కావాలని అంచుల దగ్గర ఉదాహరణ తీసుకున్నాను. విశ్వాస అవధి మొత్తం లోపల పడాలంటే సగటు 100కి దగ్గరగానే ఉండాలి. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ వాళ్లు 2,070 అధ్యయనాలు కలిపి చూస్తే రక్తంలోకి చేరిన మోతాదులో సగటు తేడా 3.5 శాతం దగ్గరే వచ్చింది. మోతాదు కొంచెం అటూఇటూ అయినా ప్రమాదమైన కొన్ని మందులుంటాయి, వాటికి గీతలు ఇంకా ఇరుకు. అలాంటి మందైతే తయారీదారుని మార్చేటప్పుడు డాక్టర్‌తో ఒక మాట చెప్పండి, అంతే.

ఈ సందర్భంలో ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లే ఈ తప్పు ఎక్కువగా చేస్తారు. 'తేడా ఉందని రుజువు కాలేదు' అంటే 'తుల్యమని రుజువైంది' అని కాదు. ఆరుగురి మీద ట్రయల్ చేస్తే ఏనుగంత తేడా కూడా రుజువు కాదు. అందుకే తుల్యత కావాలంటే లెక్కని తలకిందులు చేస్తాం. తేడా ఉందనే మొదట అనుకుంటాం, ఆ తేడా గీతలు దాటేంత పెద్దది కాదని చూపించాల్సిన భారం మందు కంపెనీది.

బేరసారాలు:
సంక్రమణం మా దగ్గరా తెగింది. 1956లో డంకన్ లూస్ ఇచ్చిన ఉదాహరణ. కాఫీ కప్పులు వందల్లో వరసగా పెట్టి, ఒక్కో కప్పులో ముందుదానికంటే ఒక చక్కెర బిళ్లలో నూరో వంతు చొప్పున పెంచుతూ పోవాలి. పక్కపక్క కప్పులు తాగితే ఏ నాలుకకీ తేడా తెలియదు, 'రెండూ ఒకటే' అంటాం. ఆ మొదటి కప్పూ చివరి కప్పూ తాగినవాడు ఒకటే అంటాడా? వినియోగదారుడికి 'ఏదైనా ఒకటే' అనిపించే వస్తువుల్ని ఒక రేఖ మీద పెట్టి గీసే పాఠ్యపుస్తకాల బొమ్మలన్నీ ఈ కప్పుల్ని చూడనట్టు నటిస్తాయి. నేనూ క్లాసులో నటిస్తాను.

బగ్‌వేటగాడు:
ఒక్క పరీక్షే మిగిలింది పాపం, ప్రతిదీ తనకు తాను సమానం అన్నది. అదీ పోగొట్టమంటారా?

1985లో కంప్యూటర్ల దశాంశ లెక్కలకి ఒక ప్రమాణం వచ్చింది. అందులో 'సంఖ్య కానిది' అని ఒక ప్రత్యేక విలువ పెట్టారు. సున్నాని సున్నాతో భాగిస్తే అది వస్తుంది. దాన్ని దానితోనే పోల్చి 'సమానమా' అని అడిగితే 'కాదు' అనే జవాబు రావాలని నియమం. పిచ్చి కాదు, కారణం ఉంది. సున్నాని సున్నాతో భాగించినా అదే వస్తుంది, ఋణసంఖ్యకి వర్గమూలం అడిగినా అదే వస్తుంది. రెండు వేర్వేరు అనర్థాల్ని సమానం అని ఎలా అంటాం? చాన్నాళ్లు మావాళ్లు ఒక విలువ చెడిపోయిందో లేదో తెలుసుకోడానికి 'నువ్వు నీకు సమానమేనా' అని దాన్నే అడిగేవాళ్లు. కాదంటే చెడినట్టే.

ఊకొట్టేవాడు:
మా మేనేజర్‌ని అడిగి చూడాలి.

తర్కం తాత:
నాయనా, రెండు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. పిల్లలు మంచి దారినే వెళ్తున్నారు, ఒక మలుపు మాత్రం వదిలేశారు. మూడు పరీక్షలూ నెగ్గి, ఏ పనికైనా తుల్యమై, ఎక్కడా తేడాయే దొరకని రెండుంటే వాటిని రెండని ఎందుకు లెక్కపెట్టాలి?

వెయ్యేళ్ల కిందటి నైయాయికుడు, అంటే న్యాయశాస్త్ర పండితుడు, ఉదయనుడు కిరణావళి అనే గ్రంథంలో దీన్ని తేల్చాడు. ఒక ధర్మాన్ని 'జాతి' (ఒక రకం వస్తువులన్నిటిలోనూ ఉమ్మడిగా ఉండేది) అనడానికి అడ్డొచ్చే దోషాలు ఆరు చెప్పి, అందులో ఒకదానికి తుల్యత్వం అనే పేరే పెట్టాడు. ఘటత్వం, కలశత్వం అని రెండు జాతులున్నాయా? ఘటమైన ప్రతిదీ కలశమే, కలశమైన ప్రతిదీ ఘటమే. ఒకటి తక్కువ లేదు, ఒకటి ఎక్కువ లేదు. అప్పుడు జాతి ఒకటే, పేర్లు రెండు. పేర్లు రెండున్నంత మాత్రాన లోకంలో రెండు సరుకులు పుట్టవు.

పడమటి దేశాల్లో లైబ్నిజ్ 17వ శతాబ్దంలో దాదాపు ఈ మాటే అన్నాడు: ఏ గుణంలోనూ తేడా లేని రెండు వస్తువులుండవు, ఉంటే అవి ఒకటే. దానికి 1952లో మాక్స్ బ్లాక్ ఒక చిక్కు వేశాడు. లోకం మొత్తంలో రెండే రెండు ఇనప గోళాలున్నాయనుకోండి, అన్ని విధాలా ఒకేలా. ఏ ఒక్కదాని గురించి ఏం చెప్పినా రెండోదానికీ అదే వర్తిస్తుంది. అయినా అవి రెండు! నేను దీని మీద కొన్నాళ్లు నిద్ర చెడగొట్టుకున్నాను.

ఇక ఫ్రేగె 1892లో అడిగింది మాస్టారి శిష్యురాలు అడిగినదే. 'వేగుచుక్క వేగుచుక్కే' అంటే ఎవరూ చెవి ఒగ్గరు. 'వేగుచుక్కా, సాయంత్రం పడమట కనబడే చుక్కా ఒకటే' అంటే అది వార్త. రెండూ శుక్రగ్రహమే. వస్తువు ఒకటే అయినా దాన్ని చేరుకున్న దారులు రెండు. ఆ = గుర్తుకి అటూ ఇటూ ఉన్నవి వస్తువులు కావు, దారులు. ఆ పిల్లకి ఇది చెప్పు.

లోలకం:
తాతగారూ, మీరు నా నెత్తిన పిడుగు వేశారు. ఘటత్వం, కలశత్వం ఉదాహరణ సరిగ్గా మా తుల్యతా నియమం.

ఒక వస్తువుకి రెండు ద్రవ్యరాశులు చెప్పుకోవచ్చు. తోస్తే కదలకుండా మొరాయించే గుణం ఒకటి, జడత్వ ద్రవ్యరాశి. భూమి లాగితే లొంగే గుణం ఇంకోటి, గురుత్వ ద్రవ్యరాశి. ఈ రెండూ ఒకటే కావాలని ముందుగా ఎక్కడా రాసి లేదు. న్యూటన్ 11 అడుగుల దారాలతో ఒకేలాంటి చెక్క పెట్టెలు వేలాడదీసి, వాటిలో బంగారం, వెండి, సీసం, గాజు, ఇసుక, ఉప్పు, చెక్క, నీళ్లు, గోధుమలు ఒకే బరువుకి మార్చి మార్చి నింపి ఊపాడు. పక్కపక్కన చాలాసేపు కలిసే ఊగాయి. వెయ్యో వంతు తేడా ఉన్నా కనబడేదని రాశాడు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద 1.32 కిలోల సుత్తినీ 30 గ్రాముల డేగ ఈకనీ ఒకేసారి వదిలాడు. రెండూ ఒకేసారి నేలకు తాకాయి. ఫ్రాన్స్ వాళ్ల మైక్రోస్కోప్ ఉపగ్రహం టైటానియం, ప్లాటినం ముక్కలతో ఇదే పరీక్ష పెట్టింది. 2022లో వచ్చిన చివరి ఫలితం ప్రకారం పదిహేనో దశాంశ స్థానం దాకా తేడా దొరకలేదు.

న్యూటన్‌కి ఇది కొలతలో తేలిన ఒక విచిత్రం. ఐన్‌స్టైన్ 1907లో ఏం చేశాడంటే, అచ్చం మీ ఉదయనుడిలా, 'ఎప్పుడూ విడిపోకపోతే రెండెందుకు?' అన్నాడు. ఇంటికప్పు మీంచి పడుతున్న మనిషికి తన బరువు తనకే తెలియదు కదా అన్న ఆలోచనతో మొదలెట్టి, ఎనిమిదేళ్లకి గురుత్వాకర్షణని స్థలకాలాల వంపుగా మార్చేశాడు. రెండు పేర్లని ఒకటి చేసినందుకు కొత్త భౌతికశాస్త్రమే వచ్చింది!

అయితే ఒక షరతు. పడుతున్న లిఫ్టులో ఉన్నా, శూన్యంలో తేలుతున్న లిఫ్టులో ఉన్నా తేడా తెలియదంటాం. చిన్న లిఫ్టులో, కొద్దిసేపే. రెండు బంతుల్ని 2 మీటర్ల ఎడంగా పెట్టి భూమ్మీద ఆ లిఫ్టుని వదిలేయండి. రెండూ భూమి కేంద్రం వైపే పడుతున్నాయి కాబట్టి దారులు కొంచెం దగ్గరవుతాయి. గాలి అడ్డు లేదనుకుంటే 10 సెకన్లలో 490 మీటర్లు పడేసరికి వాటి మధ్య దూరం సుమారు 0.15 మిల్లీమీటరు తగ్గుతుంది. కాగితం మందం కంటే కొంచెం ఎక్కువ. ఆ కాగితం మందమే 'ఇది శూన్యం కాదు, భూమి దగ్గర' అని చాడీ చెబుతుంది.

మాత్రల లెక్క:
లోలకం గారూ, ఒక్క అభ్యంతరం. పదిహేనో దశాంశం దాకా తేడా దొరకలేదు అన్నారు. నా భాషలో అది 80 నుంచి 125 అన్న గీతలు మహా ఇరుగ్గా గీయడమే. ఒకటే అని రుజువు కాలేదు.

లోలకం:
ఒప్పుకుంటున్నాను. మేమూ అందుకే ఇంకా కొలుస్తున్నాం. పదహారో స్థానంలో తేడా వస్తే తాతగారి ఘటం, కలశం విడిపోతాయి.

తర్కం తాత:
విడిపోనీ నాయనా, నాకేం బాధ? ఈ అనుమానం తత్వశాస్త్రంలోనూ ఉంది. క్వైన్ 1951లో చెప్పిన ఉదాహరణ: గుండె ఉన్న ప్రాణులు, మూత్రపిండాలు ఉన్న ప్రాణులు. రెండు జాబితాలూ ఒకటే అనుకున్నా, 'గుండె ఉండటం' అంటే 'మూత్రపిండాలు ఉండటం' అని అర్థం కాదు. రేపు ఒకటుండి ఇంకోటి లేని ప్రాణి దొరకొచ్చు. మీ ఉపగ్రహం ఆ ప్రాణి కోసమే వెతుకుతోంది. ఘటం, కలశం విషయంలో అలా వెతికేవాడిని ఎవరూ చూడలేదు. ఎందుకంటే అక్కడ తేడా మాటల్లోనే ఉంది.

పరీక్షనాళిక:
'ఏ పనికి' అన్నాను గానీ 'ఎంతకాలానికి' అన్నది మరిచాను. మీథేన్‌ని కార్బన్ డయాక్సైడ్ తుల్యంగా మార్చేటప్పుడు వందేళ్ల లెక్కలో టన్నుకి సుమారు 28 టన్నులు అంటారు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 పైమాటే. మీథేన్ గాలిలో పన్నెండేళ్లకి అటూఇటూగా ఉండి విరిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ అలా పోదు. ఏ ఏడాది దగ్గర నిలబడి చూస్తే ఆ తుల్యత. నివేదికల్లో ఒక్క అంకె మాత్రమే ఇస్తే ముందు ఎన్నేళ్లకో వెతుకుతాను.

సుద్దముక్క:
అందరికీ నమస్కారం. మొన్న మొదలుపెట్టినప్పుడు రెండు పేరాల జవాబు వస్తుందనుకున్నాను.

ఇవాళ క్లాసులో సంచి, చీటీల కథ చెప్పాను. వేగుచుక్క కూడా చెప్పాను, అది బాగా ఎక్కింది. కానీ ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తింది. "సార్, క్విజ్‌లో రెండు ప్రశ్నలడిగితే ఒకటి చెప్పినవాడూ, వంద అడిగితే యాభై చెప్పినవాడూ ఒకే సంచేనా?" మళ్లీ నోరు పడిపోయింది నాకు. ఎవరైనా ఆదుకోండి.

మాత్రల లెక్క:
ఆ పిల్లని మా ఆఫీసుకి పంపండి!

ఒకే సంచి కాదు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఒక బొమ్మ, వందసార్లు ఎగరేస్తే యాభై బొమ్మలు. రెండూ 50 శాతమే, నిజం. కానీ మొదటిదానికి ప్రామాణిక దోషం, అంటే అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత, 35 శాతం, రెండోదానికి 5 శాతం. మొదటి నాణెం గురించి మనకి దాదాపు ఏమీ తెలియదు. పరిమాణంగా చూస్తే 1/2, 50/100 ఒకటే. సాక్ష్యంగా చూస్తే వేరు.

క్లాసులో ఇలా చూపించండి. పిల్లాడు మొదటి రౌండులో రెండింటికి ఒకటి, తర్వాతి రౌండులో మూడింటికి ఒకటి చెప్పాడు. మొత్తం? ఐదింటికి రెండు. అంటే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడాం: 1/2, 1/3 కలిసి 2/5. ఇక్కడ అదే సరైన లెక్క. ఇప్పుడు 1/2 బదులు దాని సంచిలోదే ఇంకో చీటీ తీయండి, 2/4. దానితో 1/3 అలాగే కలిపితే 3/7. చీటీ మారిస్తే జవాబు మారిపోయింది! సంచి లెక్కలో అది కుదరదు, ఏ చీటీ తీసినా ఒకే జవాబు రావాలి. క్విజ్ మార్కులు చీటీలు, సంచులు కావు.

సుద్దముక్క:
అమ్మా, నమస్కారం. భిన్నాల కూడికలో పిల్లలు చేసే తప్పు సరిగ్గా ఇదే, పైవి పైవాటితో, కిందివి కిందివాటితో. ఇన్నేళ్లుగా ఎర్ర సిరాతో సున్నా చుడుతూ వచ్చాను. అది క్విజ్ మార్కుల కూడిక అని, పిల్లలు పొరబడింది కూడికలో కాదు, చీటీకీ సంచికీ మధ్య అని ఒక్కసారీ తట్టలేదు. దిద్దాల్సిన పేపర్ల కట్ట ఇక్కడే ఉంది, పైనున్నది ఆ అమ్మాయిదే. చూశాను. మూడో ప్రశ్న: 1/2 + 1/3. 2/5 అని రాసి, కొట్టేసి, పక్కన 5/6 వేసింది.

ఊకొట్టేవాడు:
కొట్టేసినదానికి కూడా అర మార్కు వేయండి మాస్టారూ. 1/2 వేస్తారో 2/4 వేస్తారో మీ ఇష్టం.